బకెట్టు పాట నాలుగో చరణం

నేను సైన్సు మాస్టారిని. గురజాల దగ్గర ఒక హైస్కూల్లో ఇరవై ఏళ్లకు పైగా పిల్లలకు అయస్కాంతాలూ విద్యుత్తూ చెబుతున్నాను. దెయ్యం పట్టిందని ఏడో తరగతి పిల్లను వేపమండలతో కొడుతుంటే అడ్డం పడి ఆస్పత్రికి తీసుకెళ్లినవాణ్ణి. అలాంటివన్నీ కన్నూ చెవీ చేసే పొరపాట్లేనని ఇప్పటికీ క్లాసులో చెబుతాను. కాబట్టి నన్ను నమ్మమని ఎవరినీ అడగను. ఇందులో వింత కొంచెమే, నేను చేసిన తప్పే ఎక్కువ. దాన్ని మాత్రం నమ్మండి.

నరసరావుపేటలో డిగ్రీ చదివే రోజుల్లో నేనొక పాటల రికార్డింగ్ షాపులో పనిచేసేవాణ్ణి. జనం సినిమా పాటల పేర్లు కాగితం మీద రాసిస్తే, వాటిని ఖాళీ క్యాసెట్టులోకి ఎక్కించి ఇవ్వాలి. ఉండేది కాలేజీ హాస్టల్లో. నా గదిలోనే శౌరి ఉండేవాడు. రెంటచింతలవాడు, నాకంటే ఒక ఏడాది చిన్న.

ఆ వేసవిలో హాస్టల్లో నీళ్లు లేవు. మూడంతస్తులకీ కలిపి రోజుకొక ట్యాంకరు. అదీ సగం రోజులు వచ్చేది కాదు. ఎంత మొత్తుకున్నా వినకపోతే, అందరం ఖాళీ బకెట్లు పట్టుకుని కాలేజీ గేటు ముందు కూర్చున్నాం. శౌరి తన బకెట్టు బోర్లించి, దాని మీద దరువేస్తూ అక్కడికక్కడే పాట కట్టాడు. ‘నీళ్లేవి సారూ, నీళ్లేవీ’ అనేది పల్లవి. రెండో రోజుకల్లా గేటు ముందున్న రిక్షావాళ్లు కూడా పాడసాగారు. దానికి బకెట్టు పాట అని పేరు పడిపోయింది.

మూడో రోజు మధ్యాహ్నం షాపు యజమాని భోజనానికి వెళ్లినప్పుడు శౌరిని పిలిపించి ఆ పాట రికార్డు చేశాను. నాలుగు చరణాలు. మా వైపు భజనల్లో, కోలాటం పాటల్లో, పాట కట్టినవాడు చివరి చరణంలో తన పేరూ ఊరూ చెప్పుకోవడం అలవాటు. శౌరి కూడా అలాగే కట్టాడు.

*ఎండలో పుట్టినోణ్ణి, రెంటచింతలోణ్ణి*
*శౌరి నా పేరు, దాచుకోను నేను*
*అడిగినోళ్లకు చెప్పు, అడగనోళ్లకు చెప్పు*
*నీళ్లేవి సారూ, నీళ్లేవీ*

రెండో పాదం దగ్గర బయట ఒక లారీ గట్టిగా హారన్ కొట్టింది. శౌరి నవ్వేశాడు, నవ్వుతూనే పాట పూర్తి చేశాడు. మళ్లీ తీద్దామంటే వద్దన్నాడు. “ఉండనీ రా. లారీ కూడా మనవైపే ఉందనుకుంటారు,” అన్నాడు.

ఆ క్యాసెట్టును ధర్నా టెంటులో మైకు పెట్టి మోగించాం. వారం తర్వాత ప్రిన్సిపాల్ నన్ను పిలిపించాడు. నేను రికార్డింగ్ షాపులో పనిచేస్తానని ఆయనకు తెలుసు.

“పాట ఎవడు కట్టాడు? నువ్వేనా?”

“నేను కాదు సార్. ఆఖరి చరణంలో పేరుంది, వినండి,” అన్నాను.

ఆ మర్నాడే శౌరి హాస్టలు సీటు పోయింది. రోజూ రెంటచింతల నుంచి వచ్చిపోవడం అయ్యే పని కాదు. చదువు ఆపేసి మాచర్ల వైపు నాపరాళ్ల క్వారీలో పనికి చేరాడు. హాస్టల్లో బోరు వేశారు, నీళ్లొచ్చాయి. ఆ నీళ్లతో స్నానం చేసి డిగ్రీ పూర్తి చేసింది నేను. నాలుగేళ్ల తర్వాత శౌరి పచ్చకామెర్లతో చనిపోయాడని విన్నాను. చూడటానికి వెళ్లలేదు.

రెండో తప్పు శౌరి వెళ్లిపోయిన ఏడాదే చేశాను. ధర్నా తర్వాత చేరిన జూనియర్లు బకెట్టు పాట కావాలని అడిగారు. పది కాపీలు తీశాను. మూడో చరణం అవ్వగానే పాజ్ బటన్ నొక్కాను. ఆ పేరు వినిపిస్తే శౌరికి మళ్లీ ఇబ్బంది అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ చరణం వింటే ప్రిన్సిపాల్ గది గుర్తొచ్చేది. కాపీల మీద నా చేత్తో ‘బకెట్టు పాట, రచన: శ్రీనివాసరావు’ అని నా పేరే రాశాను. ఎవరూ వాటి మీద మళ్లీ రికార్డు చేయకుండా క్యాసెట్టు వెనక ఉండే ప్లాస్టిక్ పలుకులు విరగ్గొట్టాను. అసలు క్యాసెట్టు మీద ఎవరికో సినిమా పాటలు ఎక్కించి ఇచ్చేశాను.

తర్వాత పాత విద్యార్థుల సమావేశాల్లో ఆ జూనియర్లు “సీనన్నా, బకెట్టు పాట ఎత్తుకో,” అనేవాళ్లు. కవిగారని ఎగతాళి చేసేవాళ్లు. మొదట్లో నవ్వి ఊరుకున్నాను. కొన్నేళ్లకు, ఎలా రాశానో కూడా చెప్పడం మొదలుపెట్టాను.

పోయిన ఏడాది నరసరావుపేట నుంచి సుభాషిణి అనే చరిత్ర లెక్చరరు ఫోన్ చేసింది. ఒక గ్రంథాలయం వెనక గదిలో ఆమె పల్నాడు పాత క్యాసెట్లు, సమ్మెల కరపత్రాలు, బ్యాండు మేళాలవాళ్ల ఫొటోలు, నాటక సమాజాల నోటు పుస్తకాలు పోగేస్తోంది. క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించి, ఒక్కోదానికి ఒక కార్డు రాసి పెడుతుంది. ఎవరు కట్టారు, ఎవరు పాడారు, ఏ ఊరు, ఎప్పటిది అన్నీ ఆ కార్డులో ఉంటాయి. బకెట్టు పాట కావాలంది. క్రోసూరులో ఉన్న ఒక జూనియర్ దగ్గర ఒక కాపీ దొరికింది. బిస్కెట్ డబ్బాలో దాచుకున్నాడు. వందసార్లు విన్నానన్నాడు. మూడు చరణాలేగా అని అడిగి మరీ తీసుకున్నాను. పలుకులు రెండూ విరిగే ఉన్నాయి.

ఉదయం పదకొండు గంటలు. గదిలో ఇద్దరమే ఉన్నాం. సుభాషిణి క్యాసెట్టు పెట్టి, కార్డు ముందు పెట్టుకుని, వినబడిన మాటలు పెన్నుతో రాసుకుంటోంది. రచయిత అన్నచోట నా పేరు అప్పటికే రాసేసింది. మూడో చరణం అయింది. నేను పాజ్ బటన్ శబ్దం కోసం ఎదురు చూస్తున్నాను. టక్‌మని పడుతుందది. నాకొక్కడికే తెలిసిన శబ్దం.

అది పడలేదు. శౌరి నాలుగో చరణం ఎత్తుకున్నాడు.

అదే గొంతు. లారీ హారన్ మోగింది. శౌరి నవ్వాడు. నవ్వుతూనే పాట పూర్తి చేశాడు.

సుభాషిణి తలెత్తకుండా రాసింది. ఒక మాట సరిగా అందలేదని, కంప్యూటర్లోకి ఎక్కిన పాటను మళ్లీ పెట్టింది. మూడు చరణాలు, టక్, తర్వాత ఉత్త గరగర శబ్దం. క్యాసెట్టే వెనక్కి తిప్పి మూడుసార్లు వేసింది. ప్రతిసారీ అంతే. ఆమె కార్డు వంక చూసుకుంది. నీలి సిరాతో నాలుగో చరణం మొత్తం ఉంది. పక్కన ‘లారీ హారన్, నవ్వు’ అని కూడా రాసింది.

“మాస్టారూ, నేను విన్నదే కదా రాసింది. మీరూ విన్నారు కదా?”

“నేనే పైకి పాడానేమోనమ్మా, తెలియకుండా.”

“మీరు నోరు తెరవలేదు. మీ గొంతూ కాదు. అయినా హారన్ ఎలా పాడతారు?” అని, కార్డు మీద ఆ పేరు చూపించింది. “శౌరి ఎవరు?”

చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. “తెలియదమ్మా,” అన్నాను. ప్రిన్సిపాల్ ముందు వాడి పేరు చెప్పినవాణ్ణి, ఆమె ముందు వాడెవరో తెలియదన్నాను. కంప్యూటర్లోని పాటను నా ఫోన్లోకి ఎక్కించుకుని, ఆ కార్డును ఫొటో తీసుకుని బయటపడ్డాను.

తొమ్మిది రోజులు ఓర్చుకున్నాను. పదో రోజు ఆదివారం, రెంటచింతల బస్సెక్కాను. చర్చి దగ్గర అడిగితే శౌరి అక్క మరియమ్మ ఇల్లు చూపించారు. ఆమె వాకిట్లో పట్టా పరుచుకుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. పేరు చెప్పాను.

“రికార్డింగు సీనివాసరావువా? మావోడు నీ గురించి చానా చెప్పేవోడు. నా పాట క్యాసెట్టులోకెక్కించాడక్కా అని. కూసో అయ్యా.”

కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాను, ప్రిన్సిపాల్ గదితో సహా. ఆమె చేతులు ఆగలేదు. ఫోన్లో పాట పెట్టాను. చచ్చిపోయిన తమ్ముడి గొంతు ఇన్నేళ్లకు వింటూ కాయ మీద కాయ తొడిమ తీస్తూనే ఉంది. టక్ వినబడింది.

“అయిపోయిందా?”

“ఇంకొక చరణం ఉందక్కా. నేనే కోసేశాను.” కార్డు ఫొటో చూపించాను. తనకు చదువు రాదంది. చదవడం మొదలుపెట్టాను.

“చదవబాకు, పాడు.”

పాడాను. ఎన్నో వేదికల మీద పాడిన పాటే. ‘శౌరి నా పేరు’ అన్న దగ్గర ఆపేశాను. ఆమె ఎదురు చూసింది. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుని చివరిదాకా పాడాను.

“బాగా పాడతావయ్యా,” అంది. “అందుకే అందరూ నమ్మారు.”

నేను వెళ్తుంటే వెనక నుంచి అంది. “పాట వాడిదని రాపిస్తే చాలదు. సదువు ఎట్టా పోయిందో అది గూడా రాపియ్యి.”

మర్నాడు సుభాషిణి దగ్గరికెళ్లి అంతా చెప్పాను. ఆమె నా పేరు కొట్టేసి శౌరి పేరు, ఊరు రాసింది. చదువు సంగతికి కార్డు మీద చోటు చాలలేదు. “మీరే విడిగా రాసివ్వండి మాస్టారూ, కార్డుతోపాటే పెడతాను,” అంది. ఇది ఆ కాగితమే.

ఇక ఆ నాలుగో చరణం సంగతి. కాపీలోకి ఎక్కనిది కాపీలోంచి వినబడదు. టేపు గురించి నాకు తెలిసిన సైన్సు అంతవరకే. చెవి పొరబడిందంటే నా చెవి పొరబడొచ్చు, ఆ పాట ఎన్నడూ వినని ఆమె చెవికి లారీ హారన్ ఎక్కడి నుంచి వచ్చింది? ఇద్దరు టేపు మెకానిక్కులకు చూపించాను. ఒకాయన నవ్వాడు, ఒకాయన క్యాసెట్టు తిరిగిచ్చేశాడు. నాకూ జవాబు తెలియదు. వినబడిందని మాత్రం సంతకం పెడుతున్నాను.