రిజిస్టరులో సున్నలు

ఒక ఆసుపత్రి రక్తపరీక్షల గదిలో పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్న ఒక ఇంటి పెద్దకోడలికి ఒక అలవాటు ఉండేది. దగ్గూ జ్వరమూ ఉన్నవారి రక్తం వచ్చినప్పుడు కాలేయపు అంకెలను రిజిస్టరులో సిరాతో రాసి, అవి హద్దు దాటితే అంచున పెన్సిలుతో ఒక చుక్క పెట్టేది. నాలుగు రోజులాగి పైఅంతస్తు నర్సును అడిగి, ఊపిరాడక ఆక్సిజన్ అవసరమైనవారి అంకెల పక్కన గీత గీసేది. చుక్క ఉన్నచోటికే గీత తరచుగా వచ్చి చేరేది. జబ్బు ఊపిరితిత్తుల్లో ఉన్నా కబురు కాలేయం ముందుగా చెబుతోందన్నది ఆమె తనంతట తాను గ్రహించిన సంగతి. ఎవరికీ చెప్పలేదు, అడిగినవారూ లేరు.

నిరుడు ఆమె మరిది భార్య అదే గదిలో కంప్యూటరు పనికి చేరింది. ఇంట్లో వంటగది పంచుకున్న తోడికోడళ్ళు ఇక్కడ బల్ల కూడా పంచుకోవలసి వచ్చింది. చిన్నది ఆ పాత రిజిస్టర్లను నెలరోజులు తిరగేసి, ఏ అంకె ఎంతుంటే ఎంత జాగ్రత్త పడాలో ఒక పట్టిక కట్టి పెద్ద డాక్టరు చేతిలో పెట్టింది. ఆయన దానిని గోడకు అంటించారు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్లయిందని పెద్దామె కడుపు భగ్గుమంది. చిన్నకోడలి బుర్రే బుర్ర అని ఇంట్లో అత్తగారు వచ్చిపోయేవారందరికీ చెప్పసాగింది. అవన్నీ అక్క రాసిపెట్టినవేనని చిన్నది చెప్పినా ఆవిడ చెవికెక్కలేదు. ఆ చెప్పడం కూడా మెప్పు కోసమేనని పెద్దామె తీర్మానించుకుంది.

పట్టిక కట్టే రోజుల్లో చిన్నది ఒక సందేహం అడిగింది, కొన్ని అంకెల చుట్టూ సున్నలెందుకు చుట్టావని.

"ఏముందే, పెన్సిలు మొన చూసుకున్నాను" అంది పెద్దామె తల ఎత్తకుండానే.

అది పచ్చి అబద్ధం. సూది సరిగా పడక రక్తాన్ని బలవంతంగా లాగితే కణాలు చితికి, పైకి తేలిన నీరు ఎర్రబారుతుంది. అప్పుడు కాలేయానికి ఏ దోషమూ లేకున్నా, కాలేయపు రెండు అంకెల్లో ఒకటైన ఎస్జీఓటీ పెరుగుతుంది. ఆ అంకెను నమ్మరాదనడానికి గుర్తే ఆ సున్న.

జ్వరాల కాలంలో ఒక ఉదయం పైన ఒకే మంచం ఖాళీ అయింది. కింద ఇద్దరున్నారు: ఒక టైలరు, ఒక బడి ఆయా. పట్టిక ప్రకారం ఎవరిని ముందు పంపాలో చెప్పమని డాక్టరు కబురు పెట్టారు. ఎస్జీఓటీ ఎక్కువున్నది టైలరుకే. చిన్నది ఫోను అందుకుంది.

పెద్దామె టైలరు ట్యూబును వెలుతురుకు ఎత్తి చూసింది. పైనున్న నీరు దానిమ్మ రసంలా ఉంది. ఆయా ట్యూబులో నీరు తేటగా ఉంది, అయినా కాలేయపు అంకెలు రెండూ పెరిగాయి. నోరు మెదపకపోతే చాలు. రేపు టైలరు మంచం మీద కూర్చుని నర్సులతో పరాచికాలాడుతుంటే గోడమీది కాగితం దానంతట అదే దిగుతుంది. ఆ ఊహకు ఆమె కడుపు మజ్జిగ తాగినంత చల్లబడింది.

తలుపు అవతల బెంచీమీద ఆయా ఎవరికో తన చిరునామా చెబుతోంది. వీధి పేరు చెప్పి ఆగింది. ఇంటి నంబరుకు మళ్ళీ ఊపిరి కూడదీసుకుంది.

"ఫోను పెట్టెయ్" అంది పెద్దామె. "ఆ సున్నలు చెడిన రక్తానికి గుర్తు. నీకు కావాలనే చెప్పలేదు."

"ఎందుకక్కా?"

"నీ కాగితం గోడెక్కుతుందని."

చిన్నది మళ్ళీ ఫోనెత్తి, ముందు ఆయాను పంపమనీ టైలరుకు రక్తం తిరిగి తీయించమనీ చెప్పింది. మధ్యాహ్నానికి ఆయాకు ఆక్సిజన్ పెట్టారు. టైలరు రెండో రక్తంలో అంకె మామూలుగా ఉంది.

డాక్టరు కిందికి వచ్చి, తప్పు కనిపెట్టిందెవరని అడిగారు. చిన్నది పెద్దామెను చూపి, సున్నల సంగతి తాను పట్టికలో చేర్చలేదని మాత్రం చెప్పింది. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆయన పెద్దామెకు నమస్కరించి వెళ్ళారు.

"నా అబద్ధం సంగతి ఆయనకెందుకు చెప్పలేదే?"

"అది మనింటి గొడవ కదక్కా."

పెద్దామెకు మళ్ళీ కడుపులో చురుక్కుమంది. పట్టిక పోతే పోయింది, ఈ మంచితనమైనా తనకు ముందుగా తోచకూడదా? ఆమె పెన్సిలు చెక్కుకుని, టైలరు పాత అంకె చుట్టూ సున్న చుట్టి, రిజిస్టరును చిన్నదాని వైపు జరిపింది.