దిబ్బకు అటువైపు

కొత్తగా పోసిన తారు వాసన వస్తే చాలు, నాకు చంద్రుడు గుర్తొస్తాడు. మొన్న వనపర్తి దాటాక రోడ్డు పనుల దగ్గర బస్సు ఆపి కూర్చున్నాను. నా వెనక సీటాయన ఫోన్లో, మనుషుల్ని పైకి తీసుకుపోయే రాకెట్టును చూస్తున్నాడు. అంకెలు వెనక్కి నడుస్తున్నాయి. కిటికీలోంచి తారు వాసన కొట్టింది. స్టీరింగు చేతుల్లోనే ఉంది గాని, నేను మాత్రం సోమశిల దగ్గర కృష్ణ నీళ్ల మీద తేలుతున్నాను.

ముందే ఒప్పుకుంటాను. చంద్రుడి విషయంలో నా అంత తెలివితక్కువవాడు మా కోడేరు బడిలో మరొకడు లేడు. చంద్రుడి దగ్గరికి ముగ్గురు వెళ్లారనీ, ఇద్దరే దిగారనీ, మూడో ఆయన పైనే తిరుగుతూ ఉండిపోయాడనీ నర్సింహులు సార్ చెప్పినప్పుడు, పాపం ఏం తప్పు చేశాడో అనుకున్నాను. మమ్మల్ని బెంచీ ఎక్కించినట్టు ఆయన్ని ఆకాశం ఎక్కించి నిలబెట్టారన్నమాట.

నర్సింహులు సార్ గద్వాల నుంచి మా ఊరికి వచ్చిన సైన్సు సార్. సన్నగా, పొడుగ్గా, ఏ క్షణమైనా పైకి లేచిపోయేట్టు నిలబడేవారు. ఏ పాఠం మొదలుపెట్టినా మనుషులెక్కిన రాకెట్టు దగ్గరే తేలేవారు. రాకెట్టు బరువెంతో ఆయనకు అక్కర్లేదు. మొట్టమొదట పైకి వెళ్లినవాడికి ఆ పూట అన్నం సయించిందా, దిగిన చోట వాణ్ణి చూసినవాళ్లు జడుసుకున్నారా, ఇవీ ఆయన పరేషాన్లు. "ఒకలు సముద్రంల దిగుతరు, ఒకలు మన చెల్కల అసొంటి బీళ్లల్ల దిగుతరు. యాడ దిగినా ఉరికొచ్చేది మనుషులే" అనేవారు.

ఒక ఎండాకాలం మమ్మల్ని సోమశిల తీసుకుపోయారు. నీళ్లు తగ్గి, నది నడుమ గుట్టంత రాతిదిబ్బ బయటపడింది. ఒడ్డున తెడ్డు పట్టుకున్న చేపల తాత ఒకాయన, పక్కన ఆయన పుట్టి ఉన్నాయి. వెదురుతో అల్లి అడుగున తారు పూసిన గుండ్రటి పడవ, ఎండకు ఘాటుగా వాసన వేస్తోంది. సార్ దిబ్బను చూపించి, "అదీ చంద్రుడు" అన్నారు. పుట్టిని చూపించి, "ఇదీ మన బండి" అన్నారు. సుజాతనూ, యేసురత్నాన్నీ, నన్నూ ఎక్కమన్నారు. చంద్రుడి మీద కాలు పెట్టబోతున్నానని, నా కాళ్లు నేల మీద ఆగలేదు. పుట్టి కదలబోతుండగా సార్ నా భుజం నొక్కి కూర్చోబెట్టారు.

"నువ్వు దిగొద్దు. వాళ్లు రాళ్లేరుకునేదాంక దిబ్బ సుట్టు తిరుగు."

"నేనేం జేసిన సార్?"

"ఏం జెయ్యలే. వాళ్లను మల్ల తోల్కరావాలె గద."

"తాత ఉన్నడు గద సార్, తెడ్డేసుటానికి."

"తాత తెడ్డేస్తడు. నువ్వు సూడు. అటుదిక్కు పోతె మా మాట నీకు ఇనపడది. గాడ ఏం కనపడ్డదో వచ్చి చెప్పు."

చంద్రుడి చుట్టూ తిరిగినాయనకు కక్ష్య దక్కింది, నాకు కక్ష దక్కింది. వాళ్లిద్దరూ దిబ్బ మీదికి దూకి గంతులేస్తుంటే నేను మూతి ముడుచుకుని కూర్చున్నాను. పుట్టి దిబ్బ చాటుకు మళ్లింది. అరుపులూ నవ్వులూ అన్నీ రాయి మింగేసింది. తెడ్డు నుంచి చుక్కలు రాలే చప్పుడొక్కటే మిగిలింది. పుట్టి తన చుట్టూ తాను మెల్లగా తిరుగుతుంటే నల్లమల కొండలు ఒకదాని వెనక ఒకటి నా ముందు నుంచి నడిచిపోయాయి. ఆకాశం నీళ్లలో పరుచుకుని ఉంది. పైన ఉన్నానో కింద ఉన్నానో కాసేపు తెలియలేదు.

ఒడ్డుకు చేరగానే సార్, రాళ్లు తెచ్చినవాళ్లను దాటుకుని నా దగ్గరికి వచ్చారు. "ఏం కనపడ్డది?"

"ఏం లేదు సార్. నీళ్లే."

"నీళ్లే చెప్పు."

నేను మొండికేశాను. ఆయన పుట్టి అంచు పట్టుకుని నన్ను దిగనివ్వలేదు. కోపంతోనే మొదలుపెట్టాను. చెబుతుంటే కోపం ఎక్కడ జారిపోయిందో తెలియదు. చూస్తే పిల్లలంతా రాళ్లు పక్కన పెట్టి నా చుట్టూ చేరారు.

అయినా, నన్నే ఎందుకు ఆపారన్న ముల్లు మాత్రం ఉండిపోయింది. నేను డ్రైవరునయ్యాక ఒకసారి సార్ నా బస్సులోనే గద్వాల వెళ్తూ ముందు సీట్లో కూర్చుంటే అడిగేశాను.

"మీ అమ్మ నాయిన పనికని పూనా పోతే, నువ్వు అవ్వ కాడ ఉంటుంటివి. పొద్దుమూకితే రోడ్డు దిక్కు సూసుకుంట కూసుంటుంటివి. ఎదురుసూసుడు అంటే ఇడిసిపెట్టిపోయిండ్రు అనుకుంటుంటివి. అది గూడ ఒక పనేరా, పైకి పోయినోళ్లు గూడ చేసే పని అని చెప్పబుద్ధయింది."

నేను గేరు మార్చాను. మార్చవలసిన పనేమీ లేదు.

సార్ ఇప్పుడు లేరు. బస్సులో దిగేవాళ్లు దిగిపోతారు, నేను తిరుగుతూ ఉంటాను. నాగర్‌కర్నూలు నుంచి వనపర్తి, గద్వాల, మళ్లీ వెనక్కి. ఎవరి చంద్రుడి మీద వాళ్లను దింపి రావడంలో చిన్నతనం లేదని ఇప్పుడు తెలుసు. అయినా కక్ష కక్షే. ఆయన పోకముందే తీర్చుకున్నాను.

సార్ రిటైరయ్యాక ఒక ఎండాకాలం, సుజాత, యేసురత్నం, నేను కలిసి ఆయన్ని సోమశిల తీసుకుపోయాం. దిబ్బ తేలింది. సార్ ప్యాంటు మడిచి, దిగడానికి పుట్టిలోనే సిద్ధమైపోయారు. నేను భుజం నొక్కి కూర్చోబెట్టాను.

"మీరు దిగొద్దు సార్."

"ఏందిరా, నేనేం జేసిన?"

"ఏం జెయ్యలే. ఒక సుట్టు తిరిగి రండి."

మేం ముగ్గురం దిబ్బ మీదికి దిగాం. పుట్టి ఆయనతో చాటుకు వెళ్లి, చాలాసేపటికి ఇటు తేలింది. సార్ కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకుని ఉన్నారు.

"ఏం కనపడ్డది సార్?"

"ఏం లేదురా. నీళ్లే."

నేను పుట్టి అంచు గట్టిగా పట్టుకున్నాను.

"నీళ్లే చెప్పండి సార్."

ఆయన చెప్పడం మొదలుపెట్టారు. పొద్దు వాలేదాకా నేను అంచు వదల్లేదు.