రాసినవారే తుడవాలి

1977 జూన్ 17, శుక్రవారం, మధ్యాహ్నం మూడు గంటలు. మొదటి షిఫ్టు ముగిసిందని మిల్లు సైరన్ మోగుతుండగా, నేను గేటు పక్కనున్న టైం ఆఫీసు గోడకు ఆ వారపు గళ్ల నుడికట్టును తగిలించాను.

వరంగల్లులోని ఆ నూలు మిల్లులో నేను గుమాస్తాగా చేరి అప్పటికి రెండేళ్లయింది. మా నాయన వర్ధన్నపేట దగ్గరి ఒక ఊళ్లో వ్యవసాయం చేసేవాడు. మా ఇంట్లో కళాశాలకు వెళ్లిన మొదటివాణ్ణి నేను. హనుమకొండలో బి.ఏ. చదివి వచ్చిన నాకు, మూడు షిఫ్టుల కార్మికుల హాజరు కార్డులు సరిచూడటం పని. నేను కొనే వారపత్రికలో ప్రతివారం ఒక నుడికట్టు వచ్చేది. ఒకనాడు దాన్ని నా బల్ల మీద చూసి ఒకరిద్దరు కార్మికులు ఆసక్తి చూపారు. అప్పటి నుంచి నేను నూలు చుట్టే కోన్లు వచ్చే అట్టపెట్టె మూతను చింపి, దాని మీద గళ్లు పెద్దవిగా గీసి, కింద ఆధారాలు రాసి, కార్డుల అర పక్కన తగిలించేవాణ్ణి. పెన్సిలును నూలుపోగుతో మేకుకు కట్టేవాణ్ణి. పత్రికలోని అసలు కూపన్, రబ్బరు ముక్క నా సొరుగులో ఉండేవి.

లోపలికి వెళ్తూ ఒకరు, బయటికి వస్తూ ఒకరు, తోచిన మాట రాసి పోయేవారు. మూడు షిఫ్టుల మనుషులు గేటు దగ్గర ఒకరినొకరు దాటిపోవడమే గాని, కూర్చొని మాట్లాడుకున్నది తక్కువ. అయినా ఒకరి చేతిరాతను మరొకరు గుర్తుపట్టేవారు. రెండో షిఫ్టు ఫిట్టర్ అక్షరాలు గోడకు కొట్టిన మేకుల్లా నిటారుగా ఉండేవి. మొదటి షిఫ్టులో వైండింగ్ ఖాతా అనే విభాగంలో కోన్లు చుట్టే అక్క రాత చిన్నది, గుండ్రనిది. ఆమెను మిల్లంతా అక్క అనే పిలిచేది, నేను కూడా. రాత్రి షిఫ్టులో నూలు వడికే రింగు ఫ్రేముల మీద మేస్త్రీగా ఉన్న పెద్దమనిషిని అందరూ కాక అనేవారు. ఆయన అక్షరాలు గడిని నింపి అంచులు దాటేవి. ఆయన చదవడం, రాయడం నేర్చుకున్నది పెళ్లయి పిల్లలు పుట్టిన తరువాత, రాత్రిబడిలో.

ఆ గోడకు ఒక నియమం ఉండేది. దాన్ని తెచ్చింది అక్క. వైండింగ్ ఖాతాలో ఒక కోను సరిగా చుట్టుకోకపోతే, పరిశీలించేవాడు దాని మీద సుద్దముక్కతో చుక్క పెట్టి, చుట్టిన మనిషికే తిరిగి ఇచ్చేవాడు. ఆమే విప్పాలి, ఆమే మళ్లీ చుట్టాలి. పక్కనున్నవారు ఎంత నేర్పు గలవారైనా దాన్ని ముట్టుకోరాదు. గోడ మీద కూడా అదే పద్ధతి నడిచింది. ఒకరి మాట తప్పని తోస్తే దాని మొదటి గడి మూలలో చిన్న చుక్క పెట్టాలి. ఒప్పు మాట చెప్పకూడదు. రాసినవారు చుక్క చూసి, ఆలోచించుకొని, తామే తుడవాలి. ఎవరైనా ఇంకొకరి మాటను తుడిచిన సంగతి నాకు జ్ఞాపకం లేదు. అంతమంది, చీకటితో లేచి వచ్చేవారు, రాత్రంతా నిలబడి వచ్చేవారు, ఆ చిన్న మర్యాదను ఎన్నడూ తప్పలేదు.

ఆ శుక్రవారం వచ్చిన నుడికట్టు వింతైనది. అడ్డం, నిలువు అన్నింటికీ ఆధారం ఒకే మాట: పట్టు. గళ్ల సంఖ్యను బట్టి ఆ మాటకున్న వేరువేరు అర్థాలను కనిపెట్టాలి. నేను మొదట దాన్ని చూసి, కార్మికులు దీన్ని వదిలేస్తారని అనుకున్నాను. కాని శనివారం ఉదయానికే సగం నిండింది.

ఎవరి బతుకులో ఆ మాట ఎక్కడ ఉందో అక్కడి నుంచి వారు దాన్ని తెచ్చారు. సుత్తి, స్పానర్ పట్టుకొనే ఫిట్టర్ 'పిడి' అని రాశాడు. అడవి అంచు పల్లెలో పుట్టిన అక్క 'తేనెతుట్టె' అని రాశారు. ఒకరు 'గ్రహణం' రాశారు. నొప్పులకు పసరు పట్టు వేసే ఇంటి నుంచి వచ్చినవారెవరో 'లేపనం' రాశారు. నేను ఒక సాయంకాలం నిఘంటువు తిరగేసి, పట్టుబట్టకు 'కౌశేయం' అన్న మాట తెచ్చి రాశాను. మరునాడు అక్క దాన్ని చూసి, సారు గుడ్డ కొనకుండానే పట్టు తెచ్చిండని నవ్వారు.

కుడివైపు అడుగున చివరి మూలలో, పైనుంచి కిందికి రెండు గళ్ల మాట ఒకటి ఉంది. మొదటి రాత్రే కాక అందులో 'కుస్తీ' అని రాశారు. వయసులో ఉన్నప్పుడు ఆయన తాలీము మట్టిలో కుస్తీ పట్టినవారు. పట్టు అన్న మాట వినగానే ఆయనకు ఆ మట్టే గుర్తుకు వచ్చి ఉంటుంది.

ఆ వారం కాకకు మామూలు వారం కాదు. ఆ నెలాఖరున ఆయన ఉద్యోగ విరమణ. అన్నీ సరిగా పూరించినవారి పేర్లను పత్రిక అచ్చువేసేది. పరిష్కారం ఒక్క మనిషి పేరు మీదే పంపాలి గనుక మేము వంతులవారీగా పంపేవాళ్లం. కాక వంతు వచ్చినప్పుడల్లా ఏదో ఒక గడి తప్పేది. ఈసారి చివరి వంతును అందరూ ఆయనకే వదిలారు. పొద్దున షిఫ్టు దిగి, గేటు ముందరి హోటల్లో చాయ తాగుతూ నా కోసం ఆగి, ఆయన ఆ మాట దాచుకోకుండా చెప్పారు.

"ఏమోయ్ బీయే, దిగిపొయ్యెలోపట నా పేరు ఒక్కసారి అచ్చుల జూడాలె. గది జూస్తే సాలు నాకు."

మంగళవారం నాడు అక్క ఆ మూలకే వచ్చి ఆగిపోయారు. అడుగు వరుసలో అడ్డంగా మరో రెండు గళ్ల మాట ఉంది. అది కూడా అదే మూల గడిలో ముగియాలి. ఆమెకు 'ఊతం' అన్న మాట తట్టింది. రాయబోతే ఆ గడిలో కాక రాసిన 'స్తీ' ఉంది. ఆమె కాసేపు నిలబడి, 'కుస్తీ' మొదటి గడి మూలలో చుక్క పెట్టి ఇంటికి వెళ్లారు. ఆమె ఆలోచనను నేను గ్రహించాను. అడ్డం 'ఊతం' అయితే నిలువు 'పంతం' కావాలి. రెండూ పట్టు అన్న మాటకు సరైన అర్థాలే. కాక ఆ రాత్రి వచ్చి చుక్కను చూసి సరిచేసుకుంటారని అనుకున్నాను.

ఆ రాత్రి కాక రాలేదు. దమ్ము ఎక్కువై, ఊపిరి అందక, ఇంటివారు ఆయనను దవాఖానలో చేర్చారు. గురువారం సాయంత్రం మెయిలు రైలుకు కవరు అందకపోతే గడువు దాటిపోతుంది. గురువారం మధ్యాహ్నం మూడు గంటలకు అక్క బయటికి వచ్చేసరికి, ఫిట్టర్ లోపలికి వెళ్లబోతూ అట్ట ముందు నిలబడి ఉన్నాడు. మిగిలిన గళ్లన్నీ నిండాయి. ఆ మూల ఒక్కటే మిగిలింది.

నేను సొరుగులోంచి రబ్బరు తీశాను. ఇది కాక మేలు కోసమేనని, ఆయన పేరు అచ్చులో రావడమే ముఖ్యమని, తెలిస్తే ఆయనే సంతోషిస్తారని చెప్పాను. నాకు ఆ క్షణంలో అది న్యాయంగానే కనిపించింది. అక్క అడ్డుచెప్పారు.

"పేరు ఆయనదైతే మాట గూడ ఆయనదే గావాలె గద సారూ. మనం తుడిచి మనం రాస్తే, అచ్చుల పేరు జూసుకొని ఆయన దేనికి మురువాలె?"

"గట్లయితే గోడను దవాఖానకు మోసుకపోవాలె," అన్నాడు ఫిట్టర్.

"గోడెందుకు తమ్మీ, అట్ట సాలదా?" అన్నారు అక్క.

ఫిట్టర్ నవ్వి, మేకును వంచి అట్టను విప్పి నా చేతికిచ్చి, షిఫ్టుకు వెళ్లిపోయాడు. నేను పై అధికారి వద్ద అనుమతి తీసుకొని, అట్టను సైకిల్ క్యారియర్‌కు కట్టుకొని బయలుదేరాను. అక్క రిక్షాలో వచ్చారు. పొద్దుటి నుంచి నిలబడి పనిచేసిన మనిషి, ఇంటికి వెళ్లి ఇంత తిని కూడా రాలేదు.

కాక మంచం మీద దిండ్లకు ఆనుకొని కూర్చొని ఉన్నారు. ఆయన భార్య పక్కన నిలబడి విసనకర్రతో విసురుతున్నారు. మమ్మల్ని చూడగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, పోస్టుకు వేశారా అని. నేను అట్టను ఆయన ఒడిలో పెట్టాను. ఆయన నిండిన గళ్లన్నింటినీ వేలితో తడుముతూ చదివి, చివరి మూలకు వచ్చి ఆగారు.

"గీ సుక్క ఎవలిది?"

"నాదే కాక," అన్నారు అక్క.

 ఆయన వాదానికి దిగారు. తన మాటకు ఢోకా లేదని, అడ్డం వరుసలో 'బస్తీ' అని రాస్తే సరిపోతుందని అన్నారు. పట్టంటే జాగ, బస్తీ కూడా జాగే గదా అని ఆయన లెక్క. కుస్తీ, బస్తీ, చక్కగా కుదిరాయన్నారు. మేము నవ్వు ఆపుకోలేకపోయాం. ఆయనా నవ్వబోయి దగ్గులో పడ్డారు. ఆయన భార్య వీపు నిమురుతూ విసుక్కున్నారు.

"దమ్ము ఆడుతలేదు గని, పంతం మాత్రం ఇడువడు ఈ మనిషి."

అక్క, నేను ఒకేసారి తలలు దించుకున్నాము. చెప్పకూడని మాట ఆయన భార్య తెలియకుండానే చెప్పేశారు. కాక మా ఇద్దరి ముఖాలూ చూశారు. ఏమైందని అడిగారు. నియమం ఉంది గనుక చెప్పలేనన్నాను. ఆయన మళ్లీ అట్ట మీదికి వంగి, వేలితో ఆ రెండు గళ్లనూ కొలిచినట్టు తాకి, నన్ను ఒక్కటే అడిగారు.

"కుస్తీల పట్టుంటది. మరి పట్టంటె కుస్తీ గాదా?"

"నూలుల బలముంటది కాక. బలమంటె నూలు గాదు గద," అన్నాను.

ఆయన తల ఊపారు. రబ్బరు కోసం చేయి చాచారు.  అక్క అట్ట కదలకుండా పట్టుకున్నారు, ఆయన చేతిని మాత్రం పట్టుకోలేదు. ఆయన తన మాటను మెల్లగా తుడిచారు. రబ్బరు పొట్టును ఊదబోయారు గాని ఊపిరి చాలలేదు. భార్య కొంగుతో దాన్ని దులిపారు. తుడిచిన చోట 'కుస్తీ' నీడలా ఇంకా కనిపిస్తూనే ఉంది. ఆయన పెన్సిలును అక్కకు ఇచ్చి, నీ మాట నువ్వు రాయమన్నారు. ఆమె 'ఊతం' రాశారు. 'తం' చూసిన తరువాత ఆయనకు ఎవరూ ఏమీ చెప్పనవసరం రాలేదు. పెన్సిలు తీసుకొని, దాని పైగడిలో 'పం' అని పెద్దగా రాసి, భార్య వైపు తిరిగారు.

"నువ్వు దినాం తిట్టే మాటేనే ఇది. రాసుడు మాత్రం నాది."

నేను కూపన్ మీదికి అన్నీ ఎత్తి రాశాను. పేరు మాత్రం తానే రాస్తానన్నారు కాక. కూపన్‌లో పేరుకు వదిలిన జాగ చిన్నది. ఆయన అక్షరాలు దాన్ని దాటి అంచు దాకా వెళ్లాయి. సందర్శకులు వెళ్లాలని నౌకరు తొందరపెడుతుండగా మేము బయటికి వచ్చాం. స్టేషన్‌లోని తపాలా డబ్బాలో, మెయిలు వచ్చేలోగా కవరు వేశాను.

కాక మళ్లీ షిఫ్టుకు రాలేదు. నెలాఖరు దవాఖానలోనే దాటిపోయింది. జూలైలో ఫలితం వచ్చింది. అన్నీ ఒప్పులే. సన్నని అచ్చులో, చాలా పేర్ల నడుమ ఆయన పేరు ఉంది. కబురు పంపితే, ఒక మధ్యాహ్నం షిఫ్టులు మారే వేళకు ఆయన చేతికర్రతో నెమ్మదిగా గేటు దగ్గరికి వచ్చారు. అక్క బయటికి వస్తున్నారు, ఫిట్టర్ లోపలికి వెళ్తున్నాడు. అందరూ ఆయన చుట్టూ ఆగారు. ఆయన తన పేరు కింద వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని, రెండుసార్లు చదివారు. ఆయన ముఖం వెలిగింది. ఆయన కోరుకున్నది అదే, ఆలస్యంగానైనా అది దొరికింది.

తరువాత గోడ మీది పెన్సిలు అందుకొని, అచ్చయిన తన పేరు పక్కన ఒక చిన్న చుక్క పెట్టారు.

తప్పేముందని అక్క అడిగారు.

"ఒక్కని పేరే ఉన్నది గద బిడ్డా. రాసినోళ్లు దిద్దాలె గిది."

ఆ తరువాత మా గోడ నుంచి వెళ్లిన పరిష్కారాల మీద ఒక్కరి పేరు రాయలేదు. 'మూడు షిఫ్టులు' అని రాశాము. ఒక వ్యక్తి పేరు ఉండాలన్నది పత్రిక నియమం గనుక, అవి సరైనవైనప్పుడు కూడా జాబితాలో రాలేదు. నేను 1980లలో మిల్లు వదిలి, హనుమకొండలో ఒక కార్యాలయంలో పర్యవేక్షకుడిగా చేరాను. అక్కడ నా కింద పనిచేసేవారు రాసిన చిత్తుప్రతులను నా చేతితో దిద్దలేదు. తప్పు పక్కన చుక్క పెట్టి, రాసినవారికే తిరిగి పంపాను.