అంతియొకయ పాఠం, చింతచిగురు గిన్నె

పోయిన వారం పళ్ళ డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చుని ఉండగా, గోడమీది టీవీలో భూకంపానికి కూలిపోయిన ఒక పాత నగరాన్ని, ఒకప్పటి అంతియొకయను, చూపించారు. శిథిలాల మధ్య క్రేన్లు, వాటి వెనుక కొండ, కొండలో ఒక గుహ. ఆ గుహే ప్రపంచంలో మొట్టమొదటి చర్చి అని వ్యాఖ్యాత ఎంతో ధీమాగా ప్రకటించాడు. మందుల కంపెనీలో నాణ్యత పరీక్షించే ఉద్యోగం ఇన్నేళ్ళుగా చేస్తున్నాను కనుక, ఎవరైనా ‘మొట్టమొదటి’ అనగానే ‘ఎవరు చూశారు?’ అన్న ప్రశ్న నాలో దానంతటదే లేస్తుంది. గుహకు ముందున్న రాతిగోడ మధ్యయుగాల్లో జరిగిన క్రూసేడు యుద్ధాల కాలం నాటిది. యేసు శిష్యుడు పేతురు అక్కడ బోధించాడన్నది సంప్రదాయమే తప్ప రుజువు కాదు. పంటినొప్పిలో కూడా ఈ అభ్యంతరాలన్నీ వరుసగా గుర్తుకొచ్చాయి గాని, వినడానికి పక్క కుర్చీలో ఎవరూ లేరు. వినేవారు ఒకప్పుడు ఉండేవారు. నా కారులో పక్క సీట్లో కూర్చుని, సీటుబెల్టును పగవాణ్ణి చూసినట్టు చూస్తూ, నేను కాదన్న ప్రతి మాటకూ నవ్వేవారు.

ఆయన మా పెదనాన్న. ఊళ్ళో సోషల్ మాస్టారుగా రిటైరై, పెద్దమ్మ పోయాక సముద్రాలు దాటి ఇర్వింగ్‌లో ఉన్న తన కూతురి దగ్గరికి, అంటే మా అక్క దగ్గరికి వచ్చేశారు. అక్క ఆసుపత్రిలో నర్సు, శని ఆదివారాలు డ్యూటీ. ఇర్వింగ్‌లో కారు నడపలేని మనిషి పాలప్యాకెట్టుకు కూడా ఒకరిని బతిమాలుకోవాలి. అందువల్ల ఆయనను ఆదివారం ప్రార్థన కూటానికి తీసుకువెళ్ళే పని నా మీద పడింది. నా విశ్వాసం సంగతి ఎవరూ అడగలేదు, లైసెన్సు ఉందా అని మాత్రం అడిగారు. వారమంతా ప్రయోగశాలలో అంకెలు సరిచూసి అలసిపోయిన నాకు ఆ ఒక్క పూట నిద్ర ఎంత ప్రియమో చెప్పలేను. అయినా వెళ్ళేదాన్ని. ఒక అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో తెలుగు కుటుంబాలు చేరి పాటలు పాడి, పాఠం విని, ఇళ్ళ నుంచి తెచ్చిన వంటలను పొడవాటి బల్లల మీద పెట్టుకుని కలిసి తినేవి. పాఠం చెప్పేది పెదనాన్న. ఆ శీతాకాలం ఆయన ఎత్తుకున్నది అంతియొకయ: రోమన్ల కాలంలో ఒరొంటెస్ నది ఒడ్డున వెలిగిన నగరం, యేసు శిష్యులను మొదటిసారిగా క్రైస్తవులని పిలిచిన చోటు.

“రోమ్, అలెగ్జాండ్రియాల తరువాత అంత పెద్ద ఊరు అదేనమ్మాయీ,” అనేవారు హైవే ఎక్కగానే.

“జనాభా లెక్కలు ఎవరు తీశారు పెదనాన్నా?”

“పరలోకం గేటు కాసే పేతురుగారిని కూడా ఐడీ చూపించమనేట్టున్నావే నువ్వు!”

“గేటు ఉందని ముందు వెరిఫై చేయాలి కదా.”

నవ్వేవారు గాని, క్లబ్‌హౌస్‌కు చేరేలోగా తన కాగితం మీద ఆ వాక్యం చివర పెన్సిలుతో ‘అంటారు’ అని చేర్చుకునేవారు. ఆయన పాఠాలలో ఆ క్రియ అంత తరచుగా వినిపించడం నా చలవే.

నేను కొట్టివేయలేకపోయిన సంగతి ఆ నగరం విషయంలో ఒకటుంది. అక్కడ యూదులూ, యూదులు కానివారూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తినేవారు. యూదుల ఆచారానికి అది పెద్ద తెగింపు. యూదుడైన పేతురు కూడా వాళ్ళతో కలిసి తిన్నాడు. తరువాత యెరూషలేము నుంచి తనవాళ్ళు కొందరు రాగానే, వాళ్ళకు జంకి పక్కకు తప్పుకున్నాడు. మరో బోధకుడు పౌలు అందరి ఎదుటా ఆయనను నిలదీశాడు. ఇదంతా పౌలే తన ఉత్తరంలో రాసుకున్నాడు.

“ఒక పక్షం వాంగ్మూలమే ఉంది,” అన్నాను. “పేతురు సమాధానం మనకు దొరకలేదు.”

“దొరికితే ఏం రాసుంటాడంటావు?”

“ఆ రోజు కడుపు బాగాలేదని.”

స్టీరింగు దగ్గరున్నది నేనన్న సంగతి మరచి నా భుజం మీద ఒక్కటి చరిచారు.

కూటంలో గిన్నెలు తారుమారు కాకుండా మూతల మీద టేపు ముక్క అతికించి, దాని మీద ఇంటిపేరు రాసేవారు. ఖమ్మం నుంచి వచ్చిన ఒకావిడ, సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టరు, ప్రతి వారం చింతచిగురు వేసిన మటన్ తెచ్చేది. ఇండియన్ స్టోర్‌లో దొరికే గడ్డకట్టిన చిగురుతో ఆ పులుపు ఎలా రప్పించేదో నాకు నేటికీ అర్థం కాలేదు. వరుసలో పెదనాన్న నేరుగా ఆ గిన్నె దగ్గరికే నడిచేవారు. “మా అమ్మ తరువాత నువ్వేనమ్మా,” అంటే, “మొన్న పప్పుచారు ఆంటీతోటి కూడా ఇదే అన్నరు కదంకుల్,” అని నవ్వేది ఆవిడ.

ఇక్కడ ఒక సంగతి చెప్పక తప్పదు. మా ఇళ్ళలో మతం మారి తరాలు గడిచినా కులం మారలేదు. మా ఊరి చర్చిలో దేవుడు ఒక్కడే, బెంచీల వరుసలు మాత్రం రెండు. ఇర్వింగ్‌లో ఆ వరుసలు లేవు గాని, ‘మీది అక్కడ ఏ చర్చి?’ అన్న ప్రశ్న ఉండేది. జవాబును బట్టి అడిగినవారు ఎవరు ఏ కులమో తేల్చుకునేవారు.

ఆ సమయంలోనే పెద్దమ్మ అన్నగారు, అంటే పెదనాన్నకు బావగారు, ఊరి నుంచి కొడుకు దగ్గరికి వచ్చి, ఒక ఆదివారం కూటానికి వచ్చారు. మా ఊరి చర్చి సంఘంలో ఆయన పెద్ద. భోజనాల వరుసలో పెదనాన్న వెనుక ఆయన, ఆయన వెనుక నేను.

“ఆ అమ్మాయిది ఖమ్మంలో ఏ చర్చి బావా?”

పెదనాన్న చెప్పారు.

“అలాగా,” అన్నారు బావగారు.

అప్పుడు పెదనాన్న జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు. భోజనం దగ్గర ఆయన కళ్ళజోడు పెట్టుకోవడం నేను ఎన్నడూ చూడలేదు. వంగి, మూతల మీద టేపులు చదువుకుంటూ నడిచారు. చింతచిగురు గిన్నె దగ్గర ఆగకుండా పప్పుచారు దగ్గరికి వెళ్ళారు. బల్లకు అవతల గరిటె పట్టుకుని నిలబడిన ఖమ్మం ఆవిడ చూసింది. నేను ఆ మటన్ నిండుగా వడ్డించుకున్నాను. కానీ ఆవిడ చూపు ఇంకా ఆయన వెంటే ఉంది.

తిరుగు ప్రయాణంలో హైవే ఎక్కాక అడిగాను.

“చింతచిగురు తినలేదేం?”

“కడుపు బాగాలేదమ్మాయీ,” అన్నారు. అన్న మరుక్షణం ఆయనకు గుర్తొచ్చింది. ముఖం కిటికీ వైపు తిప్పుకున్నారు. తప్పు పట్టడమే వృత్తి అయిన నాకు, ఆ రోజు పట్టిన తప్పుతో ఏం చేసుకోవాలో తెలియలేదు.

తరువాతి ఆదివారం పాఠం సరిగ్గా పేతురు తప్పుకున్న ఘట్టం. దాటవేసి ఉండవచ్చు, ఎవరూ అడిగేవారు కాదు. బావగారు ముందువరుసలో కూర్చుని ఉన్నారు. పెదనాన్న ఆ భాగం చదివించి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

“పేతురు సంగతి అలా ఉంచండి. పోయిన వారం నేను ఈ గదిలో ఒకరి గిన్నె దాటిపోయాను. వంట నచ్చక కాదు, ఒంట్లో బాగాలేకా కాదు. మా ఊరి నుంచి మనిషి వచ్చాడని, ఆయన ఏమనుకుంటాడోనని. ఇది ‘అంటారు’ కాదు. నేను చేసింది.”

బావగారు ఫోన్ తీసి చూసుకోవడం మొదలుపెట్టారు. ఎవరో దగ్గారు. ఖమ్మం ఆవిడ తల దించుకునే ఉంది. ప్రార్థన ముగియగానే పెదనాన్న ఖాళీ ప్లేటు పట్టుకుని అందరికంటే ముందు బల్ల దగ్గరికి నడిచారు. ఆవిడ ముందు గిన్నె లేదు. స్టోర్‌లో కొన్న చిప్స్ ప్యాకెట్టు ఉంది.

“చింతచిగురు తేలేదామ్మా?”

“ఇయ్యాల టైం దొరకలేదంకుల్. చిప్స్ తెచ్చిన, తీసుకోండి.”

నవ్వుతూనే అంది. ఆ నవ్వులో కోపం ఉందేమోనని వెతికాను. కనిపించి ఉంటే నాకు కొంత ఊరటగా ఉండేది. పెదనాన్న గుప్పెడు చిప్స్ ప్లేటులో వేసుకుని ఆవిడ పక్కనే కూర్చుని తిన్నారు. వాళ్ళమ్మ మోకాళ్ళ నొప్పి గురించి అడిగారు. అడిగిన వాటన్నిటికీ ఆవిడ మర్యాదగా జవాబు చెప్పింది.

ఆ తరువాత కూడా ఆవిడ కూటానికి వస్తూనే ఉంది. చిప్స్, జ్యూసు, ఒకసారి కేకు తెచ్చింది. తన వంటింట్లో వండినది మాత్రం మళ్ళీ తేలేదు. పెదనాన్న మళ్ళీ అడగలేదు గాని, తాను పోయేదాకా ప్రతి ఆదివారం ఆవిడ పక్క కుర్చీలోనే కూర్చున్నారు. ఆయన తప్పుకూ ఒప్పుకోలుకూ మధ్య గడిచింది ఒక్క వారమే. ఒక వంటింటి తలుపు మూసుకోవడానికి ఆ వారం సరిపోయింది, తెరుచుకోవడానికి ఆయనకు మిగిలిన ఏళ్ళు చాలలేదు.