రూతమ్మ పేరు పక్కన పచ్చ చుక్క

దయ్యాలను నమ్మే రకం కాదు నేను. మా కాగజ్‌నగర్‌ల పేపర్ మిల్లు మూతబడి ఉన్నప్పుడు, ఆ చీకటి గోడ పక్కనుంచి ఈల వేసుకుంట సైకిల్ తొక్కినోణ్ణి. ఈల కొంచెం వణికిన మాట నిజమే. చలికాలం మరి.

నాది కంప్యూటర్ సెంటర్. మా చర్చి క్వయర్‌ల వెనుక వరుసల పాడుత గూడ. పోయినేడు క్వయర్‌కు ఒక వెబ్‌సైట్ చేసిచ్చిన. ఇంట్ల కూసొని ఫోన్‌ల పాట తెరిచి పాడితే, సర్వర్ అప్పటికప్పుడే చర్చి హాల్‌ల టీవీకి కబురు పంపుతది. పేరు పక్కన పచ్చ చుక్క, పాడుతున్న చరణం నంబర్ కనబడతయి. రీఫ్రెష్ నొక్కే పనే లేదు. దీన్ని చూసి ఢిల్లీల పెద్ద పెద్ద ఇంజనీర్లు అన్నం మానేసిన్రని నా అనుమానం.

క్వయర్ మాస్టర్ దేవదానం సార్ ఆ టీవీ చూసి నియమం పెట్టిండు. చర్చి పండుగకు ముందు పది రోజులల్ల ఆరు రోజులన్న చుక్క రానోళ్లు పండుగ నాడు పాడొద్దు.

వేటు పడేది రూతమ్మ పెద్దమ్మ మీదనే అని అందరికీ ఎరుకే. నలభై ఏండ్ల సంది ముందు వరుసల పాడుతున్న మనిషి. ఆ వరుస పోతే ఆమెకు పండుగే లేదు. కని ఇంట్ల ఫోన్ లేదు. ఆమె పాస్‌వర్డ్ రాసిన కవరు నా డ్రాయర్‌ల అంటించింది అంటించినట్టే ఉంది.

"మా పాత ఫోన్ ఇస్త తీస్కో పెద్దమ్మా," అన్న.

"నాకెందుకు బిడ్డా? రొట్టెలు చేసుకుంట పాడుత గద."

"గది టీవీల రాదు."

"వస్తదో రాదో నీకేం ఎరుక?"

తెల్లారి సాయంత్రం ఆరింటికి ఆమె చుక్క పచ్చగ వెలిగింది. రెండో చరణం.

సర్వర్ రికార్డంత తిరగేసిన. ఆమె పేరు మీద ఎవరూ లాగిన్ కాలే. లోపలికి ఏం రాలే, బయటికి టీవీకి కబురు మాత్రం పోతుంది. పాస్‌వర్డ్ మూడుసార్లు మార్చిన. మూడోది నాకే గుర్తులేదు. మల్ల ఆరింటికి చుక్క.

నాలుగో రోజు సార్‌ను టీవీ ముందట నిలబెట్టి, ఫోన్ చెవికి పెట్టుకొని ఆమె ఇంటికి పోయిన. పొయ్యి ముందట జొన్నరొట్టె కొట్టుకుంట మూడో చరణం పాడుతుంది.

"మూడు," అన్నడు ఫోన్‌ల సార్.

రొట్టె పెనానికి అంటింది. ఆమె పాట ఆపి గీకింది.

"చుక్క ఆగింది రా!" అన్నడు సార్. కొంచెంసేపైనంక, "మల్ల షురువైంది. గిదేంది, హాల్‌ల మాడిన వాసన వస్తుంది?"

వాసనకు నా పూచీ లేదు, సార్ మాటే రాస్తున్న. చుక్కకు మాత్రం నాదే పూచీ. దాచిన ఫోన్ ఏమన్న ఉందేమోనని మంచం కింద గూడ వెతికిన. ఉల్లిగడ్డలు తప్ప ఏం లేవు.

"ఏం వెతుకుతున్నవ్ బిడ్డా?"

"పిల్లిని, పెద్దమ్మా."

"మాకు పిల్లి లేదు. రొట్టె తిను."

పదో రోజు సార్ లెక్క చూసిండు. రూతమ్మకు తొమ్మిది చుక్కలు. ఒక్క చుక్క గూడ లేనోడు క్వయర్ మొత్తంల ఒక్కడే. ఆమె చుక్క వెంట ఉరికి ఉరికి, నేను పాడుడే మరిచిన.

"నియమం నియమమే," అన్నడు సార్.

పండుగ నాడు రూతమ్మ ముందు వరుసల పాడింది. నేను కుర్చీలు వేసిన.

ఇప్పుడు మా ఇంటామెను హాల్‌ల టీవీ ముందట నిలబెట్టి, ఫోన్ బంద్ చేసి, మా వంటింట్ల గొంతెత్తి పాడుత. ఇంటికొచ్చి ఒకటే చెప్తది: "చుక్క రాలే. పక్కింటోళ్లు మాత్రం అడిగిన్రు, ఎవరికి బాగలేదని."

రూతమ్మ చుక్క ఎట్ల వస్తదో నాకు ఈనాటికీ తెల్వదు. రోజూ ఆరింటికి వస్తనే ఉంది.