ఎక్స్‌క్లూజన్ అనే మాట, మా రేవు

నా చిన్నప్పుడు కొల్లేటికోటలో, మా రేవు దగ్గర జరిగిన ఒక మధ్యాహ్నం సంగతి ఇది. మొన్న మా మనవరాలు ఇంగ్లీషు పాఠం చదువుకుంటూ ‘ఎక్స్‌క్లూజన్ అంటే ఏంటి నానమ్మా’ అని అడిగింది. నా చదువు ఏడో తరగతితో ఆగిపోయినా, ఏలూరు గ్రంథాలయంలో కూర్చుని సొంతంగా ఇంగ్లీషు నేర్చుకున్నదాన్ని. ఆ గర్వం నాకు కాస్త ఉంది. మళ్లీ ఆ గ్రంథాలయానికే వెళ్లి, అక్కడున్న మూడు నిఘంటువులూ తిరగేసి చెప్పాను. మినహాయింపు, చేర్చకపోవడం, బహిష్కరణ. ఫలానా జబ్బుకు వర్తించదని బీమా కాగితంలో రాస్తే అదీ ఎక్స్‌క్లూజనే. పిల్లవాణ్ణి బడికి రావద్దంటే అదీ అదే. ఒక్క పనిలో పడి తక్కినవన్నీ వదిలేసినా ఇంగ్లీషువాళ్లు ఈ మాటే వాడతారు. పిల్ల రాసుకుని వెళ్లిపోయింది. నేను చెప్పనిది మాత్రం నాలోనే ఉండిపోయింది. నేను పోతే ఆ ముక్క చెప్పేవాళ్లుండరు కనుక రాస్తున్నాను.

ఆ మాట నేను మొదట విన్నది మా ఇంగ్లీషు మాస్టారి నోట. ఆయనది తాడేపల్లిగూడెం. బడి పక్క గదిలో ఒక్కరే ఉండేవారు. ఆ వారమే మా పక్కింటివాళ్లను ఊరు వెలివేసింది. పక్కింటి బాబాయి చేపల చెరువు విషయంలో పెద్దలను అడగకుండా ఏలూరు ఆఫీసులో అర్జీ పెట్టడమే తప్పయింది. మా లంక ఊళ్లలో పెద్దలు కట్టుబాటు పెడితే ఇక తిరుగులేదు. వెలివేసిన ఇంటివాళ్లతో మాట్లాడకూడదు, నిప్పు ఇవ్వకూడదు, వాళ్లను దోనె ఎక్కించుకోకూడదు. మాట కలిపిన ఇంటికీ అదే శిక్ష. వాళ్ల తాటి దోనెను ఒడ్డుకు లాగి, అడుగు పగలగొట్టి బోర్లించారు. చుట్టూ నీళ్లున్న ఊళ్లో దోనె లేని మనిషికి కాళ్లు లేనట్టే.

వాళ్లమ్మాయి నా ఈడుది, నా జత. ఆ ఉదయం బడిలో చివరి బల్ల మీద ఒక్కతే కూర్చుంది. మాస్టారు నల్లబల్ల మీద ఆ ఇంగ్లీషు మాట రాసి, లోపలున్నవాళ్లు తలుపు మూసేస్తే ఒకరు బయట మిగిలిపోవడమని అర్థం చెప్పారు. తలా ఒక వాక్యం రాయమన్నారు. మేమంతా పుస్తకంలోని వాక్యాన్నే అటూ ఇటూ మార్చి రాశాం. మాస్టారు వెళ్లి ఆ అమ్మాయి పక్కన కూర్చుని, మిగతా పాఠమంతా అక్కడినుంచే చెప్పారు. ఆయన ఎందుకలా చేశారో మా అందరికీ తెలుసు. వెనక్కి తిరిగి చూసినవాళ్లు లేరు.

మధ్యాహ్నం ఆ అమ్మాయి తమ్ముడికి జ్వరం ముదిరి ఫిట్స్ వచ్చాయి. బాబాయి ఊళ్లో లేడు. పిన్ని పిల్లాణ్ణి చేతుల మీద వేసుకుని రేవుకు పరుగెత్తుకొచ్చింది. ఆసుపత్రి కైకలూరులో. రోడ్డున్న గట్టు చేరాలంటే నీళ్లు దాటాలి. రేవులో పది దోనెలున్నాయి, మగవాళ్లున్నారు, అన్నానికి ఇంటికొచ్చిన నేనూ మా అమ్మా ఒడ్డునే ఉన్నాం. పిన్ని ఒక్కొక్కరి ముందూ నిలబడి, “అన్నయ్యగారూ, దాటించండి. పిల్లోడండీ!” అని బతిమాలింది. మా నాన్న నీళ్ల వైపు చూస్తూ ఉండిపోయాడు.

మాస్టారు బడినుంచి వచ్చి, ఎవరినీ అడగకుండా మా దోనె తాడు విప్పారు. పిన్నినీ, పిల్లాణ్ణీ, నా జతనూ ఎక్కించుకుని దోనె తోసే గెడ అందుకున్నారు. ఆయన మెట్ట మనిషి, ఎన్నడూ గెడ పట్టి ఎరగరు. దోనె నడుమ నిలబడి తోశారు. అది గిర్రున తిరిగింది. మళ్లీ తోశారు. గెడ బురదలో దిగబడిపోయింది.

“మాస్టారు ఇంగ్లీషులో తోస్తున్నార్రోయ్!” అన్నారెవరో. కొందరు నవ్వారు.

దోనె నడపాలంటే వెనక చివర నిలబడాలి. గెడను మెలితిప్పి పీకాలి. ఇంతే. మా నాన్నకు కొడుకుల్లేక నాకు నేర్పాడు. ఊళ్లో గెడ వేసే ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఆ సంగతి నా జతకు తెలుసు. దోనెలోంచి నన్నే చూసి అరిచింది.

“ఏమే, మాస్టారికి చెప్పవే! ఒక్క మాట చెప్పవే!”

మా అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుని, “తల తిప్పుకో” అంది. తిప్పుకున్నాను. అమ్మ పట్టు వల్లనే తిప్పుకున్నానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఆ శిక్ష మా ఇంటికి వస్తుందేమోనని నాకు భయం వేసింది.

మాస్టారు చివరికి నీళ్లలోకి దిగి, మెడలోతున గుర్రపుడెక్క మొక్కల మధ్య దోనెను నెట్టుకుంటూ వెళ్లారు. అవతలి గట్టు చేరేసరికి పొద్దు వాలింది. కైకలూరు దాకా వెళ్లే పని లేకపోయింది.

ఆ మర్నాడే పెద్దలు వెలి ఎత్తేశారు. పిల్లాడి శవాన్ని మోయడానికి నలుగురు కావాలి కదా. మా నాన్న కూడా మోశాడు. నెల తిరక్కుండా పక్కింటివాళ్లు ఊరు వదిలి వెళ్లిపోయారు. మాస్టారు బదిలీ అడిగి వెళ్లారు. పోయేముందు మమ్మల్ని ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఎక్స్‌క్లూజన్‌కు నిఘంటువులు చెప్పిన అర్థాలన్నీ సరైనవే. అయితే వాటిలో ఒడ్డున నిలబడ్డవాళ్లు లేరు. ఒకరిని బయట ఉంచాలంటే ఊరంతా కలిసి ఏమీ చేయకుండా నిలబడితే చాలు. పన్నెండేళ్ల పిల్ల కూడా ఆ పని చేయగలదు.

ఇది రాయడానికి ఎంతో ఓపికతో నా చేతిరాత దిద్దిన మనవరాలికి, మూసే వేళ దాటినా దీపం ఆర్పని గ్రంథాలయం అమ్మాయికి, కైకలూరునుంచి వచ్చి బస్సులో నాకు తోడుగా కూర్చున్న మరదలికి కృతజ్ఞతలు. ఆ బస్సు ప్రయాణం నా జత కోసం. మాస్టారి ఊరు తాడేపల్లిగూడెంలోనే ఉందని తెలిసి వెళ్లాను. ఆనాటి సంగతి రాయనా అని అడిగాను. గుమ్మంలోనే నిలబడి వింది.

“రాసుకోండి. నా పేరు మాత్రం రాయకండి. కాఫీ తీసుకుంటారాండీ?” అంది.

ఆవిడకూ కృతజ్ఞతలు. ఒకప్పుడు నన్ను ‘ఏమే’ అని పిలిచిన మనిషి ఆవిడ. ఆ మర్యాదను మోసుకుంటూ బస్సెక్కాను. ఇంకా దించుకోలేదు.