ఆగిపోయిన పాట

నైరోబీ నుంచి రోంగై దాకా మటాటు అనే చిన్న బస్సు తోలే ముల్వాకి నలభై ఏడేళ్లు. పాటల హోరు లేని మటాటు ఆ దారిలో ఎవరూ ఎక్కరు. అందుకే ఇరవై ఏళ్లుగా పెద్ద పెద్ద స్పీకర్లు వీపు వెనకే పెట్టుకుని తోలుతున్నాడు. తెల్లారగానే వాటి మీది ఎర్రదుమ్మును పొడి కుంచెతో దులుపుతాడు. బండిలోకి చల్లగాలి వచ్చే కంతల్లోంచి వేరుశనగ పొట్టు ఏరి, లోపలి జల్లెడ కడిగి ఆరబెడతాడు. తర్వాత పాట పెట్టి, స్పీకరు మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడతాడు. అది మురిపెం అనుకునేది కండక్టరు కెరుబో.

మొన్న మంగళవారం మధ్యాహ్నం ఒక తల్లి వీపున బిడ్డతో దిగుతుండగానే బండి కదిలింది. "ఆపు, ఆపు!" అంటూ కెరుబో రేకు మీద దబదబా బాదింది. బండి ఆగలేదు. తల్లి మోకాళ్ల మీద పడింది. ఎవరో ముల్వా భుజం పట్టి గుంజాకే బ్రేకు పడింది.

కెరుబో అతని ముందుకొచ్చి నిలబడింది. "చెవుడా అన్నా నీకు? గొంతు చించుకున్నాను కదా!"

"ఈ పాట హోరులో ఎలా వినపడుతుంది చెల్లీ?"

"ఏ పాట? స్పీకరు తీగ తెగి అరగంటైంది. పాట లేదని అందరూ నన్ను తిడుతూనే ఉన్నారు!"

ముల్వా ఆమె పెదవుల వంకే చూస్తూ రెండు చేతులూ పట్టుకున్నాడు. "యజమానికి చెప్పకమ్మా. నాకు ఇంకో పని రాదు."

పక్క అద్దంలో చూస్తే, ఆ తల్లి రోడ్డు పక్కన కూర్చుని బిడ్డను తడుముతోంది. బిడ్డకు దెబ్బ తగల్లేదు కానీ నోరంతా తెరిచి గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు ముల్వాకి వినపడలేదు. తాళంచెవి తీసి కెరుబో చేతిలో పెట్టి, బండి దిగాడు.